గోడ లేని వంటిల్లు

కొవ్వూరులో కొత్తగా కొనుక్కున్న ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ కొట్టించేసింది రామతులసి. వంట చేస్తూనే చుట్టాలతో కబుర్లు చెప్పొచ్చని ఆమె సరదా. "వంటిల్లు నలుగురికీ కనపడితే ఎలాగమ్మా?" అని అత్తగారు సూర్యకళ గొణిగినా వినలేదు. గోడ ఉన్నచోట నల్లరాతి గట్టు, దాని మీద వేలాడే ఇత్తడి దీపాలు! చూసుకున్నప్పుడల్లా రామతులసికి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఆదివారం మొదటి విందు. అనుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. గట్టు వెనక నిలబడి వడ్డిస్తూ, నవ్విస్తూ ఆమె మహా హుషారుగా ఉంది.

"చిన్నమావయ్యగారూ, ఇంకాస్త రొయ్యల ఇగురు వేసుకోవాలండి. బోలెడుంది!" అంటూనే గిన్నె వంచి గరిటెతో అడుగు గీకింది.

గట్టు ముందున్న బల్ల దగ్గర తలలన్నీ గిన్నె వైపు తిరిగాయి. గిన్నె అడుగు అందరికీ కనపడింది.

"చాలమ్మా, కడుపు నిండిపోయింది" అంటూ చిన్నమావయ్యగారు కంచానికి చెయ్యి అడ్డం పెట్టేశారు. మిగతావాళ్లూ అంతే.

రామతులసికి తల కొట్టేసినట్టయింది. వంటింటికి గోడ ఎందుకుంటుందో అప్పుడర్థమైంది.

సూర్యకళ చటుక్కున లేచి, గట్టుకి అడ్డంగా నిలబడి, చీర కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"అదేంటి మరిదిగారూ, అది మొదటి గిన్నె! రెండోది పొయ్యి మీదుంది, చెయ్యి కడుక్కున్నారంటే ఊరుకోను" అని గట్టిగా నవ్వి, తల తిప్పకుండానే కోడలితో గుసగుసగా అంది:

"ఆ అడుగున మిగిలిన ఇగురులోకి గబగబా గుడ్లు కొట్టి వేసెయ్యి. గోడలా నేనున్నాగా!"