అతిథుల గదిలో సిమ్సిమ్

బాల్కనీలో, బట్టలారేసే తీగ కింద సిమ్సిమ్ పంజరం కనబడగానే సులాఫాకు ఒళ్లు మండిపోయింది. అలెప్పో చలికాలంలో మనుషులే గదిలోంచి గదిలోకి పోవడానికి ఏడుస్తారు. రాత్రంతా చక్రంలో పరిగెత్తి పగలంతా పడుకునే ఆ బుల్లి హామ్‌స్టర్ మూలకు ముడుచుకుని ఉంది. ముట్టుకుంటే మంచుముద్ద.

“పెళ్లిచూపులకి జనం వచ్చే ఇంట్లో ఎలుకేమిటని పొద్దున్నే నేనే బయట పెట్టా,” అంది తల్లి ఉమ్ గియాస్, కాఫీ పళ్లెం సర్దుతూ. “పోయిందా? సాయంత్రం పూలకుండీలో పూడ్చేద్దాంలే. ముందు వచ్చి కూర్చున్నవాళ్లకి కాఫీ పట్టుకెళ్లు.”

“పోలేదమ్మా! చలికి మొద్దునిద్రలోకి జారింది. ఇలాగే వదిలేస్తే నిజంగానే పోతుంది.”

“నీకు పిచ్చి పట్టిందే!”

సులాఫా దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూసింది. ఎంతోసేపటికి పొట్ట ఒక్కసారి కదిలింది. ఇంట్లో వెచ్చగా ఉండేది ఒక్క అతిథుల గదే, డీజిల్ పొయ్యి ఉన్నది అక్కడే. కాఫీ మోయాల్సిన చేతుల్లో హామ్‌స్టర్‌ను పెట్టుకుని ఆ గదిలోకే నడిచింది.

పెళ్లికొడుకు తల్లి ఉమ్ హస్సాన్ కాళ్లు పైకి లాక్కుంది. “బాబోయ్, చచ్చిన ఎలుక!”

“చావలేదు పిన్నీ. నిద్రపోతోంది.”

“పట్టపగలు నిద్రా? మీ ఇంట్లో అలవాటా ఏమిటి?” ఆవిడ చెల్లెలు కిసుక్కున నవ్వింది. “పొయ్యి మీద పెట్టమ్మా, త్వరగా లేస్తుంది.”

“పొయ్యి మీద పెడితే చస్తుంది. దీనికి వేడి మెల్లగా ఎక్కాలి. నవ్వడం అయిపోతే కాస్త పక్కకి జరగండి.”

గుమ్మంలో ఉమ్ గియాస్ నెత్తి కొట్టుకుంది. సులాఫా ఎవరినీ చూడలేదు. పొయ్యికి ఎడంగా చతికిలపడి, దోసిట్లో సిమ్సిమ్‌ను దాచుకుంది. చేతులు కదలకుండా మోచేతులు ఒళ్లో నొక్కిపెట్టింది.

“మా వాడికి ఇల్లు చూసుకునే పిల్ల కావాలి, ఎలుకల్ని చూసుకునేది కాదు,” అంటూ ఉమ్ హస్సాన్ కోటు తొడుక్కుంది. కాఫీ తాగకుండానే అక్కాచెల్లెళ్లిద్దరూ వెళ్లిపోయారు.

తలుపు మూసుకోగానే తల్లి విరుచుకుపడింది. “చేజేతులా చెడగొట్టావు కదే! దిక్కుమాలిన ఎలుక కోసం!”

“ప్రాణమున్నదాన్ని చలిలోకి గెంటేసింది నువ్వు. అది చూసి నవ్వింది వాళ్లు. సిగ్గుపడాల్సింది నేనా?”

“నోర్ముయ్! కొట్టు కట్టేసి మీ నాన్న వస్తారు. ఏం చెప్పమంటావు ఆయనకి?”

దోసిట్లో సన్నటి కాలు ఒకటి గీరింది. తర్వాత మీసం అదిరింది. సులాఫాకు ఏడుపు తన్నుకొచ్చింది కానీ కోపం మాత్రం చల్లారలేదు.

“బతికిందని చెప్పు,” అంది.