పెద్దాయన్ని మళ్ళీ అడగడం

విమానాలకు రేడియోలో దారి చెప్పే ఉద్యోగం నుంచి పక్కన పెట్టడంతో ప్రమీల పెనుకొండలోని ఇంటికి వచ్చేసింది.

ఆ ఉద్యోగంలో ఒక కట్టుబాటు ఉంది. ఎంత ఎత్తుకు దిగాలో ఆమె చెబితే పైలట్ ఆ మాటే తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే విననట్టే లెక్క. మళ్ళీ అడగాల్సిందే.

ఆ రోజు ఒక సీనియర్ కెప్టెన్ "ఓకే, ఓకే" అని విసుక్కుని ఊరుకున్నాడు. తండ్రి ఈడు గొంతు, తండ్రి విసుగే. రెట్టించడానికి ఆమెకు నోరు రాలేదు. విమానం చెప్పిన ఎత్తు దాటి కిందికి దిగింది. ఎదురొచ్చే విమానాన్ని గుద్దుకోవడం వెంట్రుకవాసిలో తప్పింది. విచారణలో ఆ పెద్దమనిషి, "ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు" అన్నాడు.

అంతా విని నాయన ఏసుదాసు కసిరాడు. "ఇంగోసారి అడిగింటే నీ సొమ్మేం పోతాండె?"

ప్రమీలకు ఒళ్ళు మండింది.

"పెద్దోళ్ళు సరే అన్నాక రెట్టించేదేందని చిన్నప్పుడు మూతి మీద కొట్టింది నువ్వే గదా నాయనా! తమ్ముని కూతుర్నన్నా అట్ల కొట్టాకు."

"సరేలే."

"సరే కాదు. నేనేం చెప్పినానో తిరిగి చెప్పు."

ఏసుదాసు తిరిగి చెప్పలేదు. చెయ్యి లేపాడు.