అదనపు మూడు గంటలు

"పదకొండు మంది కళ్ళజోళ్ళు పెట్టుకోవడం లేదట. అమ్ముకుని ఉంటారు. నువ్వోసారి వెళ్ళి చూసిరా, ఇంట్లో ఖాళీయే కదా" అన్నాడు కళ్ళ డాక్టరు, భార్య ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆ ఖాళీ ఎక్కడుందో పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమెకు ఒక్కసారీ దొరకలేదు. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మాన్పించిన రోజున అత్తగారు, "మన ట్రస్టుకి నువ్వు కాక ఎవరు చేస్తారమ్మా, ఇంటిపనికి జీతమేంటి" అన్నారు. అప్పట్నుంచీ ట్రస్టు రిపోర్టులన్నీ ఆమే రాస్తోంది. కింద సంతకం ఆయనది.

నిరుడు, ఇళ్ళ దగ్గరే చొక్కాలకు గుండీలు కుట్టే రెండు వందల మంది ఆడవాళ్ళకు ట్రస్టు కళ్ళజోళ్ళు పంచింది. విరాళమిచ్చిన కంపెనీ ఫలితం చూపించమంది. 'ఒక్కొక్కరికీ రోజుకు మూడు గంటల అదనపు పనిశక్తి' అని ఆమే తేల్చి రాసింది. సభలో ఆయన ఆ మాట చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చుని ఆమె కూడా మురిసిపోయింది.

గుండీలు కుట్టేవాళ్ళ సందులో మొదటి నాలుగిళ్ళలోనూ ఒకటే జవాబు. బస్సులో పోయింది. బట్టీపట్టినట్టు అవే మాటలు, ఆమె చేతిలోని ఫారం వైపు అవే ఓరచూపులు. ఆయన అనుమానమే నిజమేమో అనిపించింది ఆమెకు. నిజమైతే ఆయన మొహంలో కనబడే తృప్తి ముందే గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అయిదో ఇల్లు మెట్ల కింద గది. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ చొక్కాను బారెడు దూరంలో పట్టుకుని తడుముతూ గుండీ కుడుతోంది. బస్సులోనే పోయిందంది. కానీ ముక్కుకి రెండు వైపులా ఎర్రగా నొక్కులున్నాయి. కళ్ళ డాక్టరు భార్యకు ఆ నొక్కులు కొత్త కాదు.

"అక్కా, ఇందాకటి దాకా పెట్టుకునే ఉన్నారు కదా."

పెద్దక్క సూది ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేసి, ఎవరికి చెబుతారని అడిగింది. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టేసింది. అది చూశాక పెద్దక్క బొంతల కింద నుంచి కళ్ళజోడు తీసింది. దాంతోపాటు లైబ్రరీ పుస్తకం ఒకటి బయటికొచ్చింది.

కళ్ళజోడు రాకముందు పొద్దుగూకగానే కనబడట్లేదని పని ఆపేసేదట. వచ్చాక, రోజుకి మూడు గంటలు ఎక్కువ కుట్టగలరటగా అని పనిచ్చే మేస్త్రీ చొక్కాల మూటలు పెంచాడు, గుండీకిచ్చే రేటు తగ్గించాడు. కొడుకేమో, కళ్ళు బాగయ్యాయిగా, రాత్రి వంట కూడా నువ్వే చూడు అన్నాడు. పోయిందని చెప్పాకే ఊపిరాడింది. మిగతా పది మందిదీ ఇదే వరస. ఒకావిడైతే కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో తన మొహం చూసుకుంటుంది, అంతే.

ఆ మూడు గంటల మాట రాసింది తనేనని ఆమె చెప్పేసింది. పెద్దక్క తిట్టలేదు. ఈ తిరుగుడికీ ఆ రాతలకీ ఇంట్లో ఏమిస్తారని అడిగింది. ఏమీ ఇవ్వరంది ఆమె.

"మరి నీకు కనబడుతుందని వాళ్ళకెందుకు చెప్పావమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి మొదటి నాలుగిళ్ళకూ మళ్ళీ వెళ్ళింది, తర్వాత మిగిలిన ఆరిళ్ళకూ. పెద్దక్క కూడా వచ్చింది. ఈసారి కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మర్నాడు టిఫిన్ దగ్గర ఆయన ఎవరెవరు అమ్ముకున్నారో పేర్లు చెప్పమన్నాడు. కళ్ళజోళ్ళు వెనక్కి తీసుకుని నిజంగా అవసరమున్న వాళ్ళకిస్తాడట. అత్తగారు తలూపారు.

"పదకొండు మందీ వాడుతున్నారు. నా కళ్ళతో చూశాను" అంది ఆమె.

"పని పెరగలేదు కదా. మరి దేనికి వాడుతున్నట్టు?"

"చూసుకోవడానికి."

ఆయన నవ్వాడు. "ఆ ముక్క రిపోర్టులో ఎలా రాస్తావ్?"

"రాసేశాను. వాళ్ళ పేర్లు లేవు, దాపరికం సంగతీ లేదు. నిరుటి మూడు గంటలూ మేస్త్రీకే పోయాయని, నా లెక్క తప్పని రాశాను. కింద నా సంతకమే పెట్టి పొద్దున్నే కంపెనీకి పంపించాను."