అంచు పిలకలు

ఆ ఆదివారం పొద్దున్న నేను చేసిన ఘనకార్యం ముందే చెప్పేస్తాను, దాచినా దాగేది కాదు: మా పిన్ని పదకొండు అద్దె ఇళ్ళు మోసుకొచ్చిన చామంతిని నేను ఒక్క గంటలో చెత్తబండి ఎక్కించాను. అదీ ప్రేమతో. మూడు వీడియోలు చూసి, నోట్సు రాసుకుని, చేతులకి గ్లౌజులు తొడుక్కుని మరీ.

మా పిన్ని ఆల్టరేషన్ టైలరు. కొత్తవి కుట్టదు, ఎవరో కుట్టినవి విప్పి మళ్ళీ కుడుతుంది. ప్యాంట్లకి అంచు మడవడం, చిక్కినవాళ్ళకి నడుము తగ్గించడం, లావైనవాళ్ళకి వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం. వారానికి ఆరు రోజులు, షాపు వెనక కిటికీ లేని గదిలో, ట్యూబులైటు కింద. ఈ ఏడాది స్కూలు యూనిఫారాలు గుట్టలుగా వచ్చిపడి కుడి భుజం పట్టేసింది. చెయ్యి నెత్తిదాకా లేవదు, జడ నేనే వేస్తున్నాను. నాదేమో ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చేసరికి ఇంకెవరి ఇబ్బందీ అర్థం చేసుకునే ఓపిక ఉండదు. సాయంత్రానికి ఇద్దరం చెరో గోడకి చేరగిలబడతాం. టీ ఎవరు పెట్టాలన్న దాని మీద పావుగంట చర్చ.

"చిన్నదానివి, నువ్వు లే."

"వంటింటికి దగ్గరున్నావు, నువ్వు లే."

"అసలు టీ వద్దులే."

అలా "వద్దులే" అన్నవన్నీ ఒక్కొక్కటే పోయాయి. పిన్ని ముందు రేడియో మానేసింది. తర్వాత ఆదివారం సాయంత్రాలు నడక మానేసింది. తర్వాత తన బట్టలకి తనే సరదాగా వేసుకునే రంగురంగుల పైపింగు మానేసింది. అన్నిటికీ ఒకటే మాట, వద్దులే, ఓపిక లేదు. మిగిలింది ఒక్క చామంతి.

వంటింటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడడుగుల మట్టి ఉంది మాకు. అందులో ఆ కుదురు. ఇటుక రంగు పువ్వులు, రేకు వెనక్కి తిప్పితే పసుపు. పదిహేడు నర్సరీల్లో వెతికాను (ఫోన్లోనే అనుకోండి), ఎక్కడా దొరకలేదు. ఇల్లు మారిన ప్రతిసారీ మంచం, మిషను, బీరువా లారీ ఎక్కేవి, ఇది మాత్రం బకెట్లో పిన్ని ఒళ్ళో కూచుని వచ్చేది. అలాంటిది ఈ ఏడాది చుట్టూ నాలుగు పువ్వులు పూసి ఊరుకుంది, నడిమధ్య బట్టతల. రెండు మూడేళ్ళకోసారి కుదురు పైకి తీసి విడదీయకపోతే అది దానికదే ఇరుకై చచ్చిపోతుందని వీడియోలో అమ్మాయి చెప్పింది. నేను పరిగెత్తుకెళ్ళి పిన్నికి చెప్పాను.

"ఈ నెల దాటితే ఎండలు ముదురుతాయి పిన్నీ, ఇప్పుడే విడదీయాలి!"

"భుజం లేవదే."

"నేను తవ్వుతా కదా."

"వద్దులే. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

ఇది కూడా ఆ వద్దులేల్లో కలిసిపోతే పిన్నికి ఇంక పనీ, నిద్రా తప్ప ఏం మిగులుతుంది? అందుకే ఆదివారం, వారం మొత్తం మీద ఆమె కడుపునిండా నిద్రపోయే ఒకే ఒక్క పొద్దున, చప్పుడు చెయ్యకుండా నేనే మొదలుపెట్టాను. లేచి చూసేసరికి ఆశ్చర్యపోవాలి అనుకున్నాను. పోయింది కూడా.

గునపం లేదు, ఇనప గరిటె ఉంది. నీళ్ళు పోసి, మట్టి మెత్తబడ్డాక చుట్టూ తవ్వి లాగితే కుదురంతా పుచ్చకాయలా పైకొచ్చింది. మధ్యలో బొటనవేలంత లావు కొయ్యలు, నల్లగా, ముడులు పడి, చూస్తేనే గౌరవం కలిగేట్టు ఉన్నాయి. అంచు చుట్టూ వేలెడంత పచ్చటి పిలకలు, ఒక్కోదానికీ దారపు పోగుల్లాంటి తెల్లటి వేర్లు. నలభై దాకా ఉంటాయి. ఏది ఉంచాలో ఏది తియ్యాలో వీడియోలో చెప్పే ఉంటుంది, కానీ నేను దాన్ని రెండింతల స్పీడులో చూశాను. కాబట్టి సొంత బుర్ర వాడాను. లావుగా ఉన్నదే అసలు మొక్క, పదకొండు ఇళ్ళు తిరిగిన మనిషి అదే, దాని తిండి కాస్తా ఈ పిల్లమూక తినేస్తోంది అని తేల్చుకున్నాను. పిలకలన్నీ శుభ్రంగా పీకి సంచిలో కూరి గేటు బయట పెట్టాను. ఎనిమిదింటికి చెత్తబండి వచ్చింది. బండాయనకి థ్యాంక్సు కూడా చెప్పాను. తర్వాత మధ్య కొయ్యల్ని మళ్ళీ నాటి, నీళ్ళు పోసి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, ఫొటో తీసుకున్నాను.

పదకొండింటికి పిన్ని లేచి వచ్చింది.

"ఏం చేశావే?"

"విడదీశా! చూడు ఎంత నీటుగా ఉందో!"

చెప్పుల్లేకుండా మట్టిలోకి దిగి, వంగి, ఎడం చేతి గోరుతో కొయ్యని గీకింది. లోపలంతా గోధుమరంగు. చెమ్మ లేదు.

"పిలకలేవి?"

"అవా... అవి పారేశాను పిన్నీ. దీని బలమంతా అవే లాగేస్తున్నాయని..."

పిన్ని గట్టు మీద కూచుండిపోయింది. షాపులో కస్టమరుకి చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పింది. "బట్టకి పోయేది అంచు. దీనికి పోయేది మధ్య. మధ్యది పారేసి అంచువి నాటుకోవాలే. ప్రతి ఇంటికీ నేను తెచ్చింది అంచువే. పాతదెక్కడిది? పాతదాన్ని పదకొండుసార్లు పారేశాను."

తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. "సరేలే" అని లోపలికెళ్ళి పడుకుంది.

నేను గ్లౌజులతోనే వీధిలోకి పరిగెత్తాను. రెండు వీధుల అవతల బండి దొరికింది కానీ అప్పటికే ఖాళీ, పెద్ద లారీ వచ్చి మొత్తం ఎత్తుకెళ్ళిపోయింది. "ఏం పోయిందమ్మా, ఉంగరమా?" అన్నాడు బండాయన కంగారుగా. చామంతి మొక్కలన్నాను. నన్నూ, నా గ్లౌజుల్నీ మార్చి మార్చి చూసి, "పొద్దున్న థ్యాంక్సు చెప్పింది మీరే కదా?" అన్నాడు.

రెండు రోజులు ఆ కొయ్యలకి నీళ్ళు పోశాను. పిన్ని అటు కన్నెత్తి చూడలేదు. వంటింటి కిటికీలోంచి గిన్నెల నీళ్ళు ఆ మట్టిలోకే వంపే మనిషి, సింకులో పారబోయడం మొదలుపెట్టింది. అది చూసి తట్టుకోలేక మంగళవారం అడిగేశాను.

"నువ్వు ఖాళీ చేసిన ఇళ్ళలో ఎక్కడా మిగల్లేదా?"

"దీనికి ముందు ఇంట్లో కార్లు పెట్టుకోడానికి సిమెంటు వేసేశారు. అంతకు ముందు ఇంటి దగ్గర, పక్కింటి డ్రాయింగు మాస్టారికి ఇచ్చాను. మనిషే కదా అని ఇచ్చాను."

"మరి మనిషి కాదా?"

పిన్నికి రెండు రోజుల్లో మొదటిసారి గొంతు లేచింది. "చివుళ్ళు తుంచితేనే కదే కొమ్మలు వేసేది, గుత్తులు గుత్తులుగా పూసేది! ఆయన తుంచడు. ఒక్క కాడ, దానికి ఒక్క మొగ్గ. మిగతా మొగ్గలన్నీ గిల్లి అవతల పారేసి, ఆ ఒక్కదాన్నీ పళ్ళెమంత చేసి, కర్రకి కట్టి, పూల పోటీకి ఊరేగిస్తాడు. పైగా 'మీది పొదమ్మా, నాది పువ్వు' అన్నాడు, నా మొహమ్మీదే."

"దానికి ఆరేళ్ళుగా మాటల్లేవా?"

"ఇల్లు మారాం. ఇంక మాటలెందుకు?"

గురువారం నాకు సెలవు. రెండు బస్సులు మారి వెళ్ళాను. మాస్టారు సన్నగా, చెవి మీద పెన్సిలుతో, అచ్చం డ్రాయింగు మాస్టారిలాగే ఉన్నారు. గేటు దగ్గర్నుంచి మెట్లదాకా కుండీలు, స్కేలు పెట్టి గీసినట్టు వరసలు, ప్రతి కుండీకీ తేదీ రాసిన చీటీ. టైలరమ్మ అక్క కూతుర్నని చెప్పి, జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు.

"మధ్యది ఉంచి అంచువి పారేశావా! ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పానమ్మాయ్, ఇంత తప్పు జవాబు ఒక్కడూ రాయలేదు."

"ఓ నాలుగు పిలకలు ఇస్తారా మాస్టారూ?"

"నాలుగేం, ఇరవై ఇస్తాను. నీకు మాత్రం ఇవ్వను. నీ చేతికిస్తే దార్లోనే ఇంకేదో వైద్యం చేస్తావు. ఆవిణ్ణి రమ్మను. ఆదివారం పొద్దున్న కుదుళ్ళు తవ్వుతున్నాను. ఆవిడే చూసి ఏరుకోవాలి. మధ్యాహ్నమైతే మిగిలినవి అడిగినవాళ్ళకి పంచేస్తాను."

ఇంటికొచ్చి చెప్పాను. పిన్ని పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకుని అంచు మడుస్తోంది. సూది తీసి అంది, "ఆదివారమా? ఆదివారం పడుకోవాలే."

అంతే. మళ్ళీ సూది నోట్లో పెట్టుకుంది. ఆ మనిషికి వారంలో ఉన్నది ఒక్క నిద్ర, అది కూడా వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆదివారం ఆరింటికే మెలకువొచ్చి, ఆ కొయ్యల పక్కన గట్టు మీద కూచున్నాను. ఏడయింది. ఏడున్నర. పిన్ని గది తలుపు దగ్గరగా వేసే ఉంది. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళాను, రెండుసార్లూ వెనక్కొచ్చాను. ప్రేమ పేరుతో చేసిన నిర్వాకం చాలనుకున్నాను. ఎనిమిదింటికి చెత్తబండి వచ్చి, నన్ను చూసి, "ఇవాళేం లేవా?" అని పలకరించి పోయింది.

ఎనిమిదింబావుకి లోపల మంచం కిర్రుమంది. భుజం కదిపినట్టుంది, "అమ్మా" అని మూలిగింది. తర్వాత గొంతు.

"ఒసే సుడిగాలీ! గోనెసంచి ఉంటే తడిపి పెట్టు. వేర్లు ఆరకూడదు."

నేను ఎగిరి గుమ్మంలో పడ్డాను. "మరి నిద్రో?"

"నిద్రెక్కడ పట్టిందే. తెల్లారుజాము నుంచీ ఆయన పిలకలు లాగుతున్నట్టే కళ్ళకి కడుతోంది. మోటు చెయ్యి ఆయనది. సగం వేర్లు తెంపేస్తాడు."

మేం వెళ్ళేసరికి మాస్టారు మూడు కుదుళ్ళు తవ్వి కాయితం మీద పరిచారు. ఒక్క వేరు తెగలేదు. పిన్ని ఒకటికి రెండుసార్లు వేర్లు ఎత్తి చూసింది.

"రండి టైలరమ్మా. ఆరేళ్ళకి దారి గుర్తొచ్చిందన్నమాట."

"దారి గుర్తే మాస్టారూ. మీరన్న మాటే మర్చిపోదామని చూస్తున్నా."

"ఏం మాట?"

"పొద."

"అదా! నిజమే కదా!"

పిన్ని బోర్లించిన బకెట్టు మీద కూచుని, ఎడం చేత్తో పిలకలు ఏరడం మొదలుపెట్టింది. డబ్బాలో గుండీలు ఏరినట్టే. ఇది పనికొస్తుంది, ఇది కాదు, దీనికి వేరు లేదు, ఇది ముదిరిపోయింది. నేను చెయ్యి పెట్టబోతే ఇద్దరూ ఒకేసారి "ఆగు" అన్నారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

మాస్టారు ఊరుకోలేక లోపల్నుంచి ఒక చిన్న కుండీ తెచ్చి ఆమె మోకాళ్ళ ముందు పెట్టారు. జానెడు మొక్క, అప్పుడే పుల్లకి కట్టేసి ఉంది, సైనికుడిలా నిటారుగా.

"మీ రంగే. తొందరగా వచ్చిన పిలక, ముందే కుండీలోకి మార్చాను. ఈసారి పోటీకి ఇదే. ఒక్కటే కాడ చూడండి, ఎక్కడా వంకర లేదు, ఇంక దీని మొగ్గ వచ్చిందంటే..."

టక్.

పిన్ని కుడి చెయ్యి, నెత్తిదాకా లేవని చెయ్యి, మోకాలంత ఎత్తుకి లేవడానికేం, వెళ్ళింది. బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. చివురు ఆమె చేతిలో ఉంది. మొక్క మొండిగా నిలబడి ఉంది.

"టైలరమ్మా!"

పిన్ని కూడా తన చేతిని చూసుకుని హడలిపోయింది. "అయ్యో... అలవాటు మాస్టారూ. నేను గిల్లలేదు, చెయ్యే వెళ్ళింది."

"పోటీకి పెట్టిన మొక్కండీ అది!"

"ఇప్పుడు నాలుగు కొమ్మలు వేస్తుంది చూడండి. పూసినప్పుడు నన్ను తలుచుకుంటారు."

"తలుచుకుంటాను, తిట్టుకుంటూ తలుచుకుంటాను!"

అంటూనే ఉన్నారాయన, పిన్ని ఆ చివురుకి కింది ఆకులు రెండు తుంచి తడి గోనెలో పెట్టేసుకుంది. "పారెయ్యడమెందుకు. ఇసకలో గుచ్చితే ఇదీ వేరేస్తుంది."

మాస్టారు నడుమ్మీద చేతులు పెట్టుకుని నవ్వేశారు. అప్పుడు పిన్ని నవ్వింది. రేడియో ఉన్న రోజుల్లో అలా నవ్వేది.

"బయల్దేరండి తల్లీ, ఇంకోటి గిల్లేలోపు," అని ఆయనే సంచి మూతి కట్టారు. ఇరవైరెండు పిలకలు, ఒక దొంగ చివురు. గేటు దగ్గర నన్ను చూపించి చెప్పారు, "మళ్ళీ విడదీసేటప్పుడు ఈ పిల్లని పుల్లకి కట్టేసి మొదలుపెట్టండి."

తిరుగు ప్రయాణంలో రెండో బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది పిన్నికి. ఒళ్ళో తడి సంచి. నేను ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాను, మట్టిలో ఎంత ఇసక కలపాలి, ఎంత దూరంలో నాటాలి, వారం రోజులు నీడ కోసం పాత దుప్పటి కడదామా, ఆ కొయ్యల్ని నేనే నా చేత్తో పీకి పారేస్తా, ఈసారి వీడియో మామూలు స్పీడులో చూస్తా.

"కదా పిన్నీ?"

పిన్ని తల కిటికీకి ఆని, కుదుపుకి నా భుజం మీదికి వచ్చింది. నిద్ర. గోళ్ళ కింద చామంతి ఆకు పసరు. సంచి నీళ్ళు మెల్లగా కారి ఆమె బట్టలూ నా బట్టలూ తడుస్తున్నాయి. రెండు చేతులూ మాత్రం సంచి మీదే ఉన్నాయి.

మా స్టాపు వచ్చింది. కండక్టరు నా వైపు చూసి, "దిగరా?" అన్నాడు. నేను వేలు పెదాల మీద పెట్టి, చివరిదాకా అని సైగ చేశాను. బస్సు కదిలింది. మా వీధి, మా మెడికల్ షాపు, పిన్ని పనిచేసే షాపు మూసిన షట్టరు, అన్నీ వెనక్కి పోయాయి.

ఆఖరి స్టాపులో డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దానికి పిన్ని కళ్ళు తెరిచింది.

"వచ్చేసిందా?"

"దాటిపోయింది."

"ఎంత దాటింది?"

"మొత్తం."

తిడుతుందేమోనని చూశాను. సంచి మూతి వదులు చేసి, లోపల చెయ్యి పెట్టి వేర్లు తడిమింది. "తడిగానే ఉన్నాయిలే. తిరిగి ఎప్పుడు బయల్దేరుతుందట?"

"ఇరవై నిమిషాలట."

"అయితే ఇంకో కునుకు తీస్తా. సాయంత్రం చల్లబడ్డాకే నాటుదాం." సంచిని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒక కన్ను తెరిచింది.

"నువ్వు మాత్రం వీటి మీద చెయ్యి వెయ్యకు."