నలభై ఒకటి పోయింది

మా ఇంట్లో "పోతున్నా" అనే మాట నిషేధం. పక్కవీధికైనా సరే, "వెళ్ళొస్తా" అనే గడప దాటాలి. మా అమ్మాయి చిట్టి వాళ్ళ నాన్న ఒకరోజు పొద్దున బూట్లు తొడుక్కుంటూ "నే పోతున్నా" అన్నారు. ఆఫీసు మెట్ల మీదే గుండె ఆగింది. ఆయన సంగతి వచ్చినప్పుడు కూడా నేను "పోయారు" అనను, "లేరు" అంటాను.

చిట్టి అంటే పసిపిల్లేం కాదు, ముప్పై దాటింది. పళ్ళ డాక్టరు దగ్గర పని. రోగి నోట్లో ఊరే నీళ్ళను గొట్టంతో లాగేయడం, భయపడేవాళ్ళ భుజం తట్టడం. నేను లాండ్రీ కొట్టు వెనకగదిలో కూర్చుని ఊడిన బొత్తాలు, విడిపోయిన అంచులు కుడతాను. ఇంట్లో ఇద్దరమే. ఇదివరకు సాయంత్రాలు ఎవరు సూది చూసి కుర్చీ దిగి పరిగెత్తారో చిట్టి చెప్పేది, ఎవరి జేబులో ఏం దొరికిందో నేను చెప్పేదాన్ని.

ఈ పోటీ పిచ్చి పట్టాక ఆ కబుర్లు ఆగిపోయాయి. ట్రయథ్లాన్ అట. ముందు ఈత, ఒడ్డుకొచ్చి సైకిలు, సైకిలు దిగి పరుగు, ఊపిరి తీసుకునే సందు లేకుండా.

"ఒక్కదానికే ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, నీకు మూడు కావాలా?" అన్నాను.

"మూడింటికీ కలిపి ఒక్కసారే కదమ్మా చచ్చేది," అంది నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

వాళ్ళ నాన్న కుర్చీ వంటింటి మూలకి చేరింది. దాని స్థానంలో సైకిలు నిలబడింది. స్నానాలగదిలో ఈత బట్టలు టపటపా కారుతూ ఉండేవి. దీపాలు పెట్టే వేళకే తిని పడుకునేది. నేను టీవీ గొంతు నొక్కేసి, బొమ్మలు మాత్రం చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఏమీ తోచక, "నువ్వన్నా చెప్పవే, ఇంత కష్టం దేనికంటా?" అని ఆ సైకిల్నే అడిగేదాన్ని.

ఉండబట్టలేక ఓసారి చిట్టినే అడిగాను.

"నీళ్ళలో తల పెడితే ఏమీ వినపడదమ్మా," అంది, జుట్టు తుడుచుకుంటూ. "ఎంత హాయిగా ఉంటుందో."

వినపడకుండా పోయేది ఏమిటో నాకు తెలుసు. హెల్మెట్ పెట్టుకున్నావా, లారీలొస్తాయి జాగ్రత్త, చేరగానే ఫోన్ చెయ్యి, చెయ్యలేదేం, నా గుండె చేతిలో పట్టుకుని కూర్చున్నాను... అదంతా నా గొంతే. వేరే ఎవరున్నారు ఆ పిల్లకి వినపడ్డానికి!

పోటీ ముందురోజు వచ్చి నా పక్కన కూర్చుంది. చాలా రోజులకి.

"అమ్మా, రేపు నువ్వు రావాలి."

"నేనా? నీళ్ళు చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయే."

"నీళ్ళ దగ్గరికి రావద్దు. అక్కడికొస్తే నీ మొహం చూసి నేనే మునిగిపోతాను. చివర్లో ఒక గీత ఉంటుంది, తెల్లగా. అక్కడ నిలబడు చాలు. అందరికీ ఎవరో ఒకరు వస్తారమ్మా. నాకు నువ్వే కదా."

"నిలబడతాను."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ."

పొద్దున్నే రిజర్వాయరు గేటు దగ్గర ఒకాయన మార్కరుతో దాని జబ్బ మీద 41 అని రాశాడు. "మనిషిని గుర్తుపట్టడానికా ఇది?" అన్నాను. నా గొంతులో ఏం పలికిందో, చిట్టి నన్ను గీత దగ్గరికి లాక్కెళ్ళి, భుజాలు పట్టుకుని నిలబెట్టింది. "ఇక్కడే. కదలకు. వెళ్ళొస్తా," అంది. ఎప్పటిలాగే అంది పాపం.

నిలబడ్డాను. నిజంగానే నిలబడ్డాను. చుట్టూ మొగుళ్ళు, పెళ్ళాలు, పిల్లలు, చేతిలో పేర్లు రాసిన అట్టలు. నా చేతిలో తువ్వాలు. ఎక్కడో ఈల మోగింది. మైకులో ఎవరో గబగబా ఏదో అన్నారు, "ఒకరికి ఇబ్బంది" అన్న ముక్క ఒక్కటే తెలిసింది. అంతే, నా కాళ్ళు నన్ను అడగలేదు.

గట్టు మీదికి చేరేసరికి నీళ్ళ నిండా పసుపుపచ్చ టోపీలు. అన్నీ ఒకేలా. ఏది నా పిల్లది? ఒడ్డున మెడలో ఈల వేసుకున్నాయన నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా నిలబడి ఉన్నాడు.

"బాబూ, నలభై ఒకటి... మా అమ్మాయి..."

"నలభై ఒకటా? పోయిందండీ," అన్నాడు. నా వైపు చూడను కూడా లేదు. "ఎప్పుడో పోయింది."

తువ్వాలు ఎక్కడ జారిందో తెలీదు. గట్టు కింద ఆంబులెన్సు తలుపులు మూస్తున్నారు. లోపల నిలువునా దుప్పటి కప్పిన మనిషి, పక్కన పసుపు టోపీ. "నా పిల్ల!" అంటూ ఎక్కేశాను. "అమ్మగారా?" అంది నర్సు. "అమ్మనే" అన్నాను. బండి కదిలింది. దుప్పటి పట్టుకుని ఏడ్చాను. చెప్పినా విన్నావు కాదు, నేను దేనికి బతకాలి అని ఏవేవో అన్నాను.

దుప్పటి కొంచెం కిందికి జరిగింది. గుబురు మీసాలు కనపడ్డాయి.

"ఎవరండీ మీరు?" అన్నాయి మీసాలు.

నర్సు నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "మీ అమ్మగారు కాదా?"

"మా అమ్మ ఎప్పుడో పోయిందండీ," అన్నాడాయన.

మళ్ళీ ఆ మాటే! నేను ఏడుస్తూ ఈలాయన చెప్పింది చెప్పాను. నర్సు కాసేపు పెదాలు బిగబట్టింది. "అయ్యో, సైకిలెక్కి పోయిందని చెప్పుంటాడమ్మా. ఈతలో పోయినవాళ్ళు ఎవరూ లేరు. ఈయనొక్కడే నీళ్ళు మింగాడు."

దిగిపోతానన్నాను. మీసాలాయన నా కొంగు వదల్లేదు. "ఆసుపత్రి దాకా ఉండండి," అన్నాడు మెల్లగా. "నా కోసం ఎవరూ రాలేదు." ఆయన చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఎవరు కన్నబిడ్డో! ఉన్నాను.

తిరిగి వద్దామంటే పోటీ కోసం దారులు మూసేశారు, ఒక్క బండీ లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని ఆ మూసిన రోడ్డు మీదే పడ్డాను. కాసేపు నడక, కాసేపు పరుగు. మలుపు దగ్గర ఒకామె నా చేతిలో నీళ్ళ కప్పు పెట్టి, "ఇంకొంచెమే, వదలకండి ఆంటీ!" అని చప్పట్లు కొట్టింది. నన్ను కూడా పోటీలో మనిషినే అనుకుంది కాబోలు. చప్పట్లు కొడితే కాళ్ళు లేస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

గీత దగ్గర బ్యానరు విప్పుతున్నారు. అట్టలు పట్టుకున్న జనం ఎవరూ లేరు. చిట్టి ఒక్కతే కాలిబాట అంచున కూర్చుని ఉంది, మెడలో పతకంతో, బూట్లు విప్పేసి. జబ్బ మీద నలభై ఒకటి చెమటకి సగం చెరిగింది.

"ఎక్కడికి పోయావమ్మా?" అంది.

ఆ మాటని నేను దిద్దలేదు. పక్కన కూలబడి అంతా చెప్పాను. మీసాల దగ్గరికొచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒడ్డు, బండి, పరుగు. నువ్వూ మూడూ చేశావే!" అంది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"గీత ముందర ఆగానమ్మా," అంది. "నువ్వు జనం వెనకాల ఉన్నావేమోనని. వెనకాల వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళారు. అప్పుడు కూడా చూశాను."

దాని కాలు నా ఒళ్ళో పెట్టుకుని, బొబ్బ ఉన్నచోట కొంగుతో అద్దాను. చిట్టి ఆ తెల్లగీత వైపే చూస్తూ కూర్చుంది. దాన్ని కూడా చీపురుతో తుడిచేస్తున్నారు.

ఇంటికి నడిచాం. సైకిలు మా ఇద్దరి మధ్య టికటికమంటూ వచ్చింది. నేను చాలా మాటలు పెదవి దాకా తెచ్చుకుని మింగేశాను.

తరువాతి ఆదివారం తెల్లవారకముందే లేచింది. ఇంకో పోటీ ఉందట. నన్ను రమ్మనలేదు, ఎక్కడో కూడా చెప్పలేదు. సైకిలు గుమ్మం దాటిస్తూ అలవాటుగా నా వైపు తిరిగి, నేనేం గుర్తుచేస్తానో అని ఆగింది. హెల్మెట్, లారీలు, ఫోను, అన్నీ గొంతులో వరుసకట్టి నిలబడ్డాయి.

"పో," అన్నాను. "పోవే, ఆలస్యమవుతుంది."

చిట్టి నన్ను ఒక్క క్షణం వింతగా చూసింది. తలుపు దగ్గరికి లాగి వెళ్ళింది.

రోజూలా మలుపు తిరిగేదాకా చూడ్డానికి కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వంటింట్లో ఆయన కుర్చీలో, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. చెవులు మాత్రం ఆ టికటికలు ఆగిపోయిన చాలాసేపటి వరకూ వీధిలోనే ఉన్నాయి.