సెల్లాం మళ్ళీ పెరిగిన గురువారం

రోజూ పొద్దున్నే రహిమో బార్లీ రొట్టె కాల్చి, అందులో ఒక ముక్క తుంచి, దాన్ని మళ్ళీ నాలుగు చేసి మొగుడికి పెట్టేది. సెల్లాం కిటికీ గట్టు మీద కూర్చుని, మూతలో పోసిన ఆలివ్ నూనెలో అద్దుకుని తినేవాడు. జానెడు మనిషికి ఆ మాత్రం చాలు.

అతను పుట్టుకతో జానెడు కాదు. మొదటిసారి ఎన్నికలకు సీ మెఖ్తార్ కొండెక్కి వచ్చి, "గంజాయి సాగు చట్టబద్ధం చేయిస్తాను, మీ మీదున్న వారెంట్లన్నీ చింపిస్తాను" అన్నప్పుడు సెల్లాం నమ్మాడు. మర్నాడు పొద్దున లేచి చూసుకుంటే పంట్లాం నేల మీద ఈడుస్తోంది. రహిమో కాళ్ళ దగ్గర మడిచి కుట్టింది. రెండోసారి ఎన్నికలకు అదే మనిషి, అదే మాట. "ఈసారి ఖాయమంట" అన్నాడు సెల్లాం, రహిమో నడుందాకా దిగిపోయాడు. ఆ తర్వాత రాజధానిలో కమిటీ వేశారని రేడియోలో విన్నాడు, మోకాలి దగ్గరకొచ్చాడు. కమిటీ నివేదిక ఇచ్చిందని విన్నాడు, జానెడయ్యాడు.

ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ప్రతి మూడో ఇంట్లో ఎంతో కొంత తగ్గిన మగాడున్నాడు. పక్కింటి ఫత్తూష్‌కి మొగుణ్ణి కోడిపుంజు నుంచి కాపాడుకోవడమే పెద్ద పని. రహిమో మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆమె సీ మెఖ్తార్ చెప్పిన ఒక్క ముక్క కూడా ఏనాడూ నమ్మలేదు.

సెల్లాం మీద వారెంటు పదకొండేళ్ళ నాటిది. ఎవరో పేరు లేని ఉత్తరం పోలీసులకు రాశారు. ఆ ఏటవాలు రాళ్ళ నేలలో గంజాయి తప్ప ఇంకేదీ బతకదు, లోయంతా అదే పంట. అయినా ఉత్తరంలో ఎవరి పేరుంటే వాడే దొంగ. అప్పట్నుంచి సెల్లాం టౌనుకు పోలేదు, ఆసుపత్రికి పోలేదు, ఏ ఆఫీసు గడపా తొక్కలేదు.

ఆ ఏడు కూతురు సుకైనాకి పెద్ద పరీక్ష. పరీక్షకు కూర్చోవాలంటే గుర్తింపు కార్డు కావాలి. కార్డు కావాలంటే తండ్రి స్వయంగా వచ్చి అధికారి ముందు సంతకం పెట్టాలి.

"నాన్నా, రేపటితో గడువు అయిపోతుంది" అంది సుకైనా గురువారం పొద్దున.

"ఇంకో పది రోజులు ఓపిక పట్టమ్మా. సీ మెఖ్తార్ గెలవగానే వారెంటు పోతుంది. దర్జాగా వెళ్ళి పెడతా సంతకం."

"నీ సీ మెఖ్తార్ నోట్లో మన్ను పడ!" అంది రహిమో. "పదేళ్ళుగా గెలుస్తూనే ఉన్నాడు కదయ్యా. నువ్వు ఇంకొక్కసారి నమ్మావంటే నిన్ను జల్లెడ పట్టి వెతుక్కోవాలి నేను."

"ఇవాళ సంతలో మీటింగంట. ఒక్కసారి తీసుకెళ్ళవే. దగ్గర్నుంచి వింటాను."

"విని?"

సెల్లాం రొట్టె తుంపుల కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. మొగుణ్ణి బుట్టలో పుదీనా కట్టల మధ్య కూర్చోబెట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని సంతకు బయల్దేరింది.

సంత మధ్యలో కెటిల్ గుర్తు జెండాలు కట్టారు. సీ మెఖ్తార్ వీపు మీద టోపీ వేలాడే మెత్తటి ఉన్ని జెల్లాబా తొడుక్కుని లారీ మీదెక్కాడు.

"తల్లులారా, అన్నదమ్ములారా! గంజాయి మన తాతముత్తాతల పంట. నేను గెలిచిన తొంభై రోజుల్లో చట్టం వస్తుంది, వారెంట్లు చింపిస్తాను!"

"పోయినసారీ ఇదే పాటయ్యా! కనీసం రాగమన్నా మార్చు!" అని గుడ్లమ్మే ముసలావిడ అరిచింది. జనం గొల్లున నవ్వారు.

నవ్వు ఆపడానికి సీ మెఖ్తార్‌కి ఏదో ఒకటి కావాలి. లారీ పక్కనే నిలబడ్డ రహిమో బుట్టలోంచి తొంగిచూస్తున్న సెల్లాం అతని కంటబడ్డాడు. వంగి, రెండు వేళ్ళతో నడుం పట్టుకుని పైకెత్తి అరచేతిలో నిలబెట్టాడు.

"ఇదిగో మన సెల్లాం! రెండుసార్లు నన్ను నమ్మిన బంగారు తండ్రి! నమ్మకమంటే ఇదీ! ఇలాంటి వాళ్ళ కోసమేరా నేను బతికేది!"

సెల్లాం ఆ అరచేతిలో నిలబడి సిగ్గుగా సలాం చేశాడు. రహిమో పళ్ళు నూరుకుంది. డోళ్ళు మోగాయి. ఎవరో కుర్చీ లాగారు, ఎవరో దండ వేశారు. ఆ హడావుడిలో సీ మెఖ్తార్ అతన్ని వీపు మీది టోపీలో పడేసుకుని, మరిచిపోయి, లారీ దిగి కారెక్కాడు.

రహిమో జనాన్ని తోసుకుంటూ పరిగెత్తింది. కారు ఇంకా కదల్లేదు, అద్దం దించే ఉంది. లోపల డ్రైవరు సిగరెట్ ముట్టించాడు.

"నిజంగానే చింపిస్తారా హాజీ, ఆ వారెంట్లు?"

"మతి పోయిందా నీకు?" అన్నాడు సీ మెఖ్తార్, దండ తీసి వెనక సీట్లోకి విసిరేస్తూ. "వారెంటే కదా వీళ్ళకి ముక్కుతాడు. అది తెగితే నాకెవడు ఓటేస్తాడు? ఎవడైనా మన ముఠాలో చేరడని తెలిస్తే చాలు, ఇంకో ఉత్తరం రాయిస్తాం. చట్టం వస్తే మాత్రం ఏం, లైసెన్సులు మా బావమరిది దగ్గరే ఉంటాయి. బండి పోనీ, ఆకలేస్తోంది."

ఇంజను శబ్దం వస్తుందనుకుంది రహిమో. దానికి బదులు చర్రుమని గుడ్డ చిరిగిన శబ్దం వచ్చింది.

మొదట టోపీ కుట్లు తెగాయి. తర్వాత సీ మెఖ్తార్ వీపు మీద జెల్లాబా నిలువునా రెండుగా చీలింది. అతను ముందుకు తూలి గ్లవ్ బాక్సుకు నుదురు కొట్టుకున్నాడు. అతనికీ సీటుకీ మధ్య నుంచి ఒక భుజం, ఒక మోకాలు, తర్వాత ఒక మనిషి మొత్తం వచ్చాడు. కారు ఒక పక్కకు ఒరిగింది. తలుపు తోసుకుని సెల్లాం దిగాడు. ఒంటి మీద నూలుపోగు లేదు.

సంతంతా అటు తిరిగింది.

"పెరిగాడు" అన్నాడు ఉల్లిపాయలమ్మేవాడు.

"ఎప్పుడో పెరగాల్సింది" అని గుడ్ల ముసలావిడ మళ్ళీ గుడ్లు లెక్కపెట్టుకుంది.

రహిమో నడుముకున్న ఎర్ర చారల బట్ట విప్పి గబగబా అతనికి చుట్టింది. ముడి వేస్తూ తలెత్తి చూస్తే అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"విన్నావా?" అంది.

"విన్నాను. ఆ ఉత్తరం కూడా వాళ్ళదేనేమో రహిమో. పదకొండేళ్ళు."

"పద, ఇంటికి పోదాం. ఇంత మనిషివి ఎక్కడ దాచను నిన్ను, పైన అడవిలోకి..."

"దాక్కోను" అన్నాడు సెల్లాం. "సుకైనా ఏది?"

ముగ్గురూ సంత దాటి ఆఫీసు మెట్లెక్కారు. ఆడవాళ్ళ చారల బట్ట చుట్టుకున్న మనిషిని చూసి గుమాస్తా ఏమీ అనలేదు, కాగితం ముందుకు తోశాడు. సెల్లాం పేరు, తండ్రి పేరు, ఊరు బిగ్గరగా చెప్పి సంతకం పెట్టాడు. ముద్ర పడింది. కాగితం కూతురి చేతిలో పెట్టాడు.

"లోపల పెట్టుకో. నలగనివ్వకు."

గుమాస్తా అప్పటికే పక్కనున్న వారెంట్ల జాబితాలో అతని పేరు చూశాడు. తలుపు దగ్గరి పోలీసు లేచాడు.

"అయ్యా, నిన్నయితే మిమ్మల్ని పట్టుకునేవాణ్ణే కాదు" అన్నాడు ఆ పోలీసు నిజాయితీగా. "కనబడేవారు కాదు కదా."

"తెలుసు" అని సెల్లాం చేతులు చాపాడు. సుకైనా ఏడ్చింది. రహిమో ఏడవలేదు. బుట్టలో ఉన్న రొట్టె, ఈసారి తుంచకుండా మొత్తం, అతని చంకలో పెట్టింది.

సీ మెఖ్తార్ గెలిచాడు. నుదుటి మీద ప్లాస్టరుతోనే గెలిచాడు. తొంభై రోజులు గడిచాయి, చట్టమూ రాలేదు, ఒక్క కాగితమూ చిరగలేదు. ఫత్తూష్ మొగుడు ఇంకో మూడు వేళ్ళు తగ్గాడు. సుకైనా పరీక్ష రాసి పాసయి, పట్నంలో నర్సింగులో చేరింది.

సెల్లాంకి పది నెలల జైలు పడింది. జడ్జి శిక్ష చదివి, అది పూర్తికాగానే వారెంటు రద్దవుతుందని రాయించాడు. పది నెలలూ సెల్లాం జైలు వంటింట్లో ఉల్లిపాయలు తరిగాడు. అక్కడ కొత్తగా వచ్చిన వాళ్ళెవరైనా, "బయట ఏదో చట్టం తెస్తారంట" అంటే లేచి అవతలికి పోయేవాడు.

విడుదలైన రోజు రహిమోకి కబురు చెయ్యలేదు. మిట్టమధ్యాహ్నం టౌనులో బస్సు దిగాడు. పోలీసు ఠాణా ఎదురుగానే బస్టాపు. గుమ్మంలో నిలబడ్డ పోలీసు దగ్గరకు తిన్నగా నడిచి వెళ్ళి, టైమెంతయిందని అడిగాడు.

పోలీసు వాచీ చూసి చెప్పాడు.