ఆదివారం కోత

ఆ ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు లెయొకాడియా చేలో ఒక వెన్ను నలిపి, గింజను పంటి కింద పెట్టింది. టక్కున విరిగింది.

"కోతకొచ్చేసిందక్కా. ఇవాళ కొయ్యకపోతే ఇక లేనట్టే."

పడమట నారెవ్ నది మీద నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది.

గోధుమనూ రై ధాన్యాన్నీ కలిపి పుట్టించిన ట్రిటికేల్ పంట అది. మా ఇసుక నేలలో చలికాలమంతా మంచు కింద ఉండి కూడా బతుకుతుంది. పండాక తడిస్తే మాత్రం చేలోనే మొలకెత్తుతుంది. ఆ పిండితో రొట్టె కాలిస్తే లోపలంతా బంక. కిందటేడు అలాగే అయి పంటంతా పందుల పాలైంది. ఈసారీ రొట్టె రాకపోతే పొలం కౌలుకిచ్చి గ్దాన్స్క్ పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతానని చెల్లెలు ఈస్టర్ నాడే చెప్పేసింది. ఉత్తినే అనే మనిషి కాదు. ఇద్దరు అన్నలనూ, భర్తనూ ఈ ఊరి బస్టాపులోనే సాగనంపాను. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇక మిగిలింది ఇదొక్కతే.

ఆదివారం మా ఊళ్ళో ఎవరూ చేను కొయ్యరు. వాన భయముంటే పూజ చివర ఫాదరే అనుమతిస్తారు. ఆ రోజు కొత్త ఫాదర్ ఊరేగింపు సంగతి చెప్పి, దీవించి పంపేశారు. రైతులంతా ఆకాశం వంక చూస్తూ గొణుక్కున్నారు. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు.

కోత మిషను మా ఊరి సెవెరిన్‌ది. చర్చి మెట్ల మీదే చెల్లెలు వాణ్ణి పట్టుకుంది.

"ఫాదర్ చెప్పకుండానా? మా ఆవిడ నన్ను గంట తాడుకి వేలాడదీస్తుంది పిన్నీ!"

"వేలాడు. నీ బరువుకి గంటే ఊడి పడుతుంది."

"రేపు పొద్దున్నే వస్తాలే."

"రేపటికి నీకు మొలకలే దొరుకుతాయిరా!"

ఉరిమింది. ఆదివారం సూదిలో దారమైనా ఎక్కించని దాన్ని నేను. అయినా చర్చి వెనక గదిలోకి వెళ్ళాను. ఫాదర్ పూజ వస్త్రాలు మడతపెడుతున్నారు.

"ఫాదర్, వానొచ్చేస్తోంది. కోతకి ఎందుకు వద్దన్నారు?"

"నేనా? ఎప్పుడు వద్దన్నానమ్మా?"

పట్నంలో పెరిగిన మనిషి. అనుమతి ఇచ్చే ఆచారమొకటి ఉందని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనే ఇవ్వలేదని ఊరంతా అలిగింది.

"అయ్యో!" అంటూ బయటికి పరుగెత్తారు. "వెళ్ళండి! కోసుకోండి!"

మెట్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. సెవెరిన్ రేపటిదాకా ఆగకుండా మిషనుతో ముందు మా చేలోకే దిగాడు. చెల్లెలు మిషను పక్కనే దుమ్ములో నడిచింది. నేను గట్టు మీద నిలబడి జపమాల తిప్పుతున్నానే గానీ, ప్రార్థన సగంలోనే మర్చిపోతున్నాను. చివరి సాలు మిగిలి ఉండగా మొదటి చినుకు నా చేతి మీద పడింది.

"ఆ సాలు వదిలెయ్యరా! ముందు గింజలు కప్పు!" అని చెల్లెలు అరిచింది.

ఆ సాలు తడిసింది. నాలుగో నాటికి మొలకలు తెల్లగా బయటికొచ్చాయి.

తడవని గింజలు ఆడించి చెల్లెలు రొట్టె కాల్చింది. అది చల్లారేదాకా నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లెయొకాడియా కత్తి దించి పైకి తీసింది. కత్తికి ఏమీ అంటలేదు. ముక్క విరిచి, వాసన చూసి, నమిలింది.

"కొంచెం ఉప్పు తగ్గింది" అంది.

నేను చెల్లెలి మొహం వంకే చూస్తున్నాను.

"అలా గుడ్లప్పగించి చూస్తావేమే అక్కా? విత్తనాల జల్లెడ ఎక్కడ పడేశావ్? సెప్టెంబర్‌లో విత్తొద్దూ?"